సాంచాలు ఆగని క్రిస్మస్

నవంబర్ 28, శుక్రవారం

ఈ డైరీ కిష్టయ్య ఇచ్చాడు. జనవరిలో ఇస్తే పదకొండు నెలలు బీరువా మీదే పడి ఉంది. అట్ట మీద లక్ష్మీదేవి, ప్రతి పేజీకి పైన రాహుకాలం, కింద కోరుట్లలో వాళ్ళ బట్టల దుకాణం పేరు. మనం రాహుకాలాలు చూసేవాళ్ళం కాదు, ఇంట్లో వద్దు అని నా భార్య హేమలత అంది. కాగితం మంచిదని నేనే ఉంచాను.

ఇవాళ నాలుగు నెలల తర్వాత ఆర్డర్ వచ్చింది. ఎర్ర గుడ్డ. క్రిస్మస్ టోపీలకు, ఇళ్ళ మీద కట్టే నక్షత్రాలకు. ఎండాకాలంలో కొండగట్టు హనుమాన్ దీక్ష వాళ్ళకు కాషాయం, డిసెంబరులో మా పండుగకు ఎరుపు. రెండూ కిష్టయ్యే అమ్ముతాడు. "అందరు దేవుళ్ళు నాకు గిరాకే చంద్రమౌళీ" అని నవ్వాడు. నేనూ నవ్వాను. చర్చిలో సంఘ పెద్దను, నవ్వకుండా ఉండాల్సింది.

మా మరమగ్గాలు నడిపే హన్మండ్లుకు ఫోన్ చేశాను. పని లేక చందుర్తిలో పత్తి ఏరుతున్నాడు. "పొద్దుగాల్నే అస్త అన్నా" అన్నాడు. గొంతులో ఏడుపో సంతోషమో తెలియలేదు.

డిసెంబర్ 1, సోమవారం

ఎనిమిది మరమగ్గాలూ, మా మాటలో సాంచాలు, నడిచాయి. షెడ్డుకూ అమ్మ గదికీ మధ్య ఒకటే గోడ. నడవడం మొదలుకాగానే గోడకున్న క్యాలెండర్ ఊగింది, అమ్మ కళ్ళు తెరిచింది.

"నడుస్తున్నయా కొడుకా?"

"నడుస్తున్నయమ్మా."

"మంచిగైంది. పండుగ నాడు మాత్రం బంద్ వెట్టు. గొల్లల కత సదువు. సప్పుడు లేకుంట ఇనాలె."

ప్రతి ఏడూ అడుగుతుంది. నాన్న పోయిన ఏడు మా మొదటి క్రిస్మస్. అప్పుడు నక్షత్రం లేదు, కేకు లేదు. అమ్మ అప్పుడున్న నాలుగు సాంచాలూ ఆపించి, దీపం పెట్టి, బైబిల్లో గొల్లలకు దేవదూత కబురు చెప్పిన కథ నన్ను చదవమంది. తర్వాత గల్లీలో అందరికీ అటుకులూ బెల్లమూ పంచింది. నాన్న పోయాక జగిత్యాల నుంచి పాస్టరు కృపారాణి అక్క వచ్చి అమ్మ పక్కన పది రోజులు ఊరికే కూర్చుంది. ఒక్క మాట బోధించలేదు. అమ్మ ఆ కూర్చోవడాన్నే నమ్ముకుంది.

ఆ తర్వాత పండుగకు సాంచాలు ఎప్పుడు ఆపానో గుర్తులేదు. క్రిస్మస్ ముందే కదా పని ఎక్కువ. "సూద్దాం అమ్మా" అన్నాను.

డిసెంబర్ 6, శనివారం

గల్లీ చివర రాజయ్య పోయాడు. ఎవరు పోయినా శవం లేచేదాకా మా గల్లీలో సాంచాలు నడవవు. కులం చూడరు, మతం చూడరు. మా నాన్న పోయినప్పుడూ ఆపారు, మేం చర్చికి మారాక మా చిన్నమ్మ పోయినప్పుడూ ఆపారు. పొద్దున తొమ్మిదికి ఒక్కొక్క షెడ్డే ఆగుతూ వచ్చింది. చివరికి మాది.

నాకు కుడి చెవి సగం పోయింది. ముప్పై ఏళ్ళ సాంచాల చప్పుడు. అయినా ఆ నిశ్శబ్దం వినపడింది. అమ్మ పిలిచింది.

"ఎవలు వోయిండ్రు?"

చెప్పాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రాజయ్య ఆమె కంటే చిన్నవాడు. కాసేపటికి పైకప్పు వైపు చూస్తూ అంది: "ఎంత మంచిగున్నది కొడుకా. మనిషి పోతెనే గీ గల్లి సప్పుడు ఆపుతది. దేవుడు పుట్టిండంటె ఆపది."

కోపం వచ్చింది. మంచం మీద పడుకున్న మనిషికి మాటలకేం, ఆర్డర్ ఇచ్చినవాడికి జవాబు చెప్పాల్సింది నేను. మధ్యాహ్నం కిష్టయ్య ఫోన్ చేసి "గిట్ల దినానికొకలు సస్తె నా పండుగ అయిపోతది" అన్నాడు. నేను "ఇవాళ ఒక్కపూటే" అన్నాను, రాజయ్య తరఫున క్షమాపణ చెప్పినట్టు.

డిసెంబర్ 9

ఆరో సాంచె చెడింది. బాగు చేశాను. అమ్మ రెండు చెంచాల జావ తాగింది.

డిసెంబర్ 14, ఆదివారం

కిష్టయ్య ఒక మాట అడిగాడు. మా ప్రార్థన మందిరంలో సెమీ క్రిస్మస్ తానే చేయిస్తాడట. ఇరవై మూడున. కేకు, భోజనం, అరవై మంది ఆడవాళ్ళకు చీరలు. అందరికీ మా గుడ్డతో కుట్టిన టోపీలు. వాళ్ళ దుకాణం పేరుతో బ్యానరు, వీడియో తీసి ఫోన్లలో పెట్టుకుంటాడు. మంచిగా జరిగితే వేసవి కాషాయం ఆర్డర్ మొత్తం నాకే. మొత్తం అంటే ఆరు నెలలు ఎనిమిది సాంచాలూ ఆగవు. హన్మండ్లు మళ్ళీ పత్తికి పోనక్కర్లేదు.

ఆరాధన అయ్యాక కృపారాణి అక్కను అడిగాను. ఆమె ఒప్పుకోదనుకున్నాను. ఒప్పుకోదని ఆశపడ్డానేమో కూడా.

"చీరె కోసమే అస్తరన్నా, నాకు తెలుసు," అంది. "అయినా అచ్చి కూసుంటరు గదా. కూసుంటె ఒక మాట ఇంటరు. నా మాటకు అర్ధగంట ఇయ్యుమను. టోపీ మాత్రం నేను వెట్టుకోను."

తర్వాత అమ్మ ఎలా ఉందని అడిగింది. పండుగకు ముందు ఒకసారి ఇంటికి వచ్చి ప్రభు భోజనం, రొట్టె, ద్రాక్షరసం ఇస్తానంది. అమ్మ మందిరానికి రాక ఏడాదైంది. ఇవాళే రమ్మనాల్సింది. బస్సుకు టైమవుతుందని నేనే అన్నాను.

డిసెంబర్ 18, గురువారం

కిష్టయ్య వచ్చాడు. బ్యానరు చూపించాడు. పశువుల తొట్టిలో బిడ్డ ఒక మూలన, గోరంత. మధ్యలో కిష్టయ్య, చేతులు జోడించి. నేను బాగుందన్నాను.

టైము పదకొండుం బావు అని పెట్టాడు. మంగళవారం మూడింటికి రాహుకాలం వస్తుంది కాబట్టి అంతలోపు కారెక్కాలట. క్రిస్మస్‌కు ముహూర్తం పెట్టిన మొదటివాడు ఇతనే అయి ఉంటాడు. హేమలతకు చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ అన్నాడు: "ఒక్కటే మాట చంద్రమౌళీ. ఆ దినం మీ గల్లీల ఎవలన్న పోయిండ్రనుకో, నేను రాను. కొత్త బట్ట పంచే చెయ్యి నాది, మైలల వెట్ట. మా ఇంటిది అసలే ఒప్పుకోదు."

"మాకు మైలలు లేవు" అన్నాను గర్వంగా.

"మీకు లేకుంటె లేకపాయె. మీ ఆడోళ్ళు తీసుకుంటరా మరి, సావైన నాడు కొత్త చీరె?"

తీసుకోరు. పాతికేళ్ళుగా ప్రార్థనలు చేస్తున్నా తీసుకోరు. నేనైనా తీసుకోను.

డిసెంబర్ 20, శనివారం

అమ్మకు ఆయాసం. డాక్టరు గుండె బలహీనమైందని ముందే చెప్పాడు, కొత్తగా చెప్పేదేం లేదన్నాడు. నా చెయ్యి పట్టుకుని, "కృపమ్మను పిలువు. గా రొట్టె తింట. సాంచాలు జర ఆపు" అంది.

"మంగళారం కార్యక్రమం అయినంక నేనే తోల్కస్త. మూడే దినాలు."

"మూడు దినాలా" అంది. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

షెడ్డులోకి వెళ్ళి రెండు సాంచాలు ఆపాను, అమ్మ గోడకు ఆనుకుని ఉన్నవి. హన్మండ్లు నా మొహం చూశాడు. ఇరవై నాలుగుకు చివరి గుడ్డ తాను పోవాలి. గంట తర్వాత మళ్ళీ నడిపాను.

డిసెంబర్ 21, ఆదివారం

కృపారాణి అక్క ఆరాధన అయ్యాక "పోదాం పా, ముత్తవ్వ దగ్గరికి" అంది. అమ్మను అక్క పేరుతోనే పిలుస్తుంది. నేను బ్యానరు ఎక్కడ కట్టాలో చూపించమన్నాను. కుర్చీల లెక్క, నక్షత్రాలకు కరెంటు తీగ, మైకు. బస్సు టైమైపోయింది. "మంగళవారం తప్పక" అనుకున్నాం ఇద్దరం.

తప్పు ఆమెది కూడా. ఆమె గట్టిగా అడగలేదు.

కాదు. గట్టిగానే అడిగింది.

డిసెంబర్ 22

ఆయాసం తగ్గింది. రేపు ఒక్క రోజు గడిస్తే చాలు.

డిసెంబర్ 23, మంగళవారం

కార్యక్రమం చాలా బాగా జరిగింది. అరవై కుర్చీలూ నిండాయి. కిష్టయ్య సంతోషంగా వెళ్ళాడు. కాషాయం ఆర్డర్ దాదాపు ఖాయం.

అమ్మ పడుకుంది. లేపలేదు.

డిసెంబర్ 24, బుధవారం

నిన్నటి పేజీ చించేద్దామనుకున్నాను. చించితే వెనక పేజీ కూడా ఊడుతుంది. ఉండనీ. నేను రాసిందే కదా.

అమ్మ నిన్న పొద్దున ఐదున్నరకు పోయింది. హేమలత వేడినీళ్ళు తీసుకుని వెళ్ళి చూసింది. నన్ను పిలిచింది. చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. కళ్ళు నేనే మూశాను.

హేమలత ఏడుపు మొదలుపెట్టబోతుంటే నోటి మీద చెయ్యి పెట్టాను. నా చెయ్యి. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. "పొద్దుగూకే దాక ఆగు," అన్నాను. "అమ్మ ఎటూ పోదు. గీ ఒక్క కార్యక్రమం అయితె ఆరు నెలల బువ్వ. హన్మండ్లుకు, మనకు."

"నీ అవ్వయ్యా," అంది. "గామె నీ అవ్వ."

"నా అవ్వే. నేను ఏడ్వనా? ఏడుస్త. మూడు దాటినంక ఏడుస్త."

ఇది నేను అన్న మాట. ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆరింటికి హన్మండ్లు వచ్చాడు. అమ్మ బాగా నిద్రపోతోంది, ఎవరూ లోపలికి వెళ్ళొద్దు అన్నాను. సాంచాలు ఆగితే గల్లీకి అనుమానం వస్తుంది. అది కూడా ఆలోచించాను. అంత ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "ఎవలచ్చి చెప్పినా ఆపకు. నేను నా నోటితోని చెప్పేదాక ఎనిమిది నడవాలె" అన్నాను. "గట్లనే అన్నా" అన్నాడు. అమ్మ గదికి తాళం వేశాను. హేమలత తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. మందిరానికి రానంది. వస్తే బాగుంటుందని కూడా అన్నాను నేను.

మందిరంలో ఆడవాళ్ళందరూ ఎర్ర టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. నాకూ ఒకటి పెట్టారు. కృపారాణి అక్క అర్ధగంట అడిగింది, పది నిమిషాలు ఇచ్చారు, అందులో రెండు సార్లు మైకు ఆగింది. నన్ను చూసి "ముత్తవ్వ ఎట్లున్నదన్నా?" అంది.

"పండుకున్నది. మంచి నిద్ర."

"అయిపోంగనే పోదాం. రొట్టె సంచిల వెట్టుకొచ్చిన."

"ఇయ్యాల ఆయాసమున్నదక్కా. రేపు."

ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను కుర్చీల వైపు చూశాను.

చీరల జాబితా నేనే రాసింది. వారం కిందటే రాసింది. ముప్ఫై ఆరో పేరు ముత్తవ్వ. పిలిచారు. ఎవరూ లేవలేదు. "వాళ్ళవ్వకు పానం బాలేదు, కొడుకు తీసుకుంటడు" అని ఎవరో అన్నారు. లేచి వెళ్ళాను. కిష్టయ్య చీర నా చేతుల్లో పెట్టి, ఫోను వైపు తిరిగి ఒక నిమిషం ఆగమన్నాడు. ఆగాను. "పెద్దమ్మకు నా తరపున చెప్పు, నిండు నూరేండ్లు బతకాలె" అన్నాడు.

రెండూ నలభైకి కారెక్కాడు. మూడింటికి నేను ఇంటికి వచ్చాను. తాళం తీశాను. కొత్త చీర మంచం కాళ్ళ దగ్గర పెట్టాను. అప్పుడు హేమలతకు తల ఊపాను. ఆమె అప్పటికి ఏడవడం కూడా మరిచిపోయినట్టుంది. నేనే వాకిట్లోకి వెళ్ళి, అమ్మ పోయింది, ఇప్పుడే పోయింది అని అరిచాను.

గల్లీ అంతా వచ్చింది. రాజయ్య భార్య అందరికంటే ముందు వచ్చింది, ఇంకా పదిహేడు రోజులే అయింది ఆమెకు. ఎదురింటి షెడ్డు ఆగింది. దాని పక్కది ఆగింది. మూల మీదివి ఆగాయి. నేను అరుగు మీద కూర్చుని తలపట్టుకుని ఉన్నాను. అందరూ నా వైపు చూస్తున్నారు. దుఃఖంలో ఉన్నవాణ్ణి చూస్తున్నారనుకున్నాను. చాలాసేపు చూశారు.

బస్టాండు దాకా వెళ్ళిన కృపారాణి అక్కకు కబురు అంది. వెనక్కి వచ్చింది. లోపలికి వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుంది. వేళ్ళు విప్పబోయింది. అవి విప్పుకోలేదు, అప్పటికే బిగుసుకుపోయాయి. అమ్మ పక్కన పది రోజులు కూర్చున్న మనిషి, ఎన్ని శవాల పక్కన కూర్చుందో. బయటికి వచ్చింది.

"ఎప్పుడు వోయిందన్నా?"

"గిప్పుడే."

"ఎప్పుడు వోయింది?"

రెండోసారి అడిగినప్పుడు గొంతు పెంచలేదు. జవాబు హేమలత ఇచ్చింది. "తెల్లారంగనే" అంది. వాకిలంతా విన్నది. గల్లీ అంత నిశ్శబ్దంగా ఉందని నేననుకున్నాను. అప్పుడు కూడా నాకు తెలియలేదు. రాజయ్య భార్య నా దగ్గరికి వచ్చి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"చంద్రమౌళీ, అందరియి ఆగినయి. మీయి ఇంక నడుస్తున్నయి బిడ్డా."

ముప్పై ఏళ్ళుగా వింటున్న చప్పుడు. చెవికి ఆనదు. గల్లీలో ఉన్న అన్ని సాంచాలూ మా అమ్మ కోసం ఆగాయి. మా ఎనిమిదీ ఆమె తల దగ్గరి గోడ అవతల ఎర్ర గుడ్డ నేస్తూనే ఉన్నాయి. హన్మండ్లుకు నేను నా నోటితో చెప్పలేదు కదా.

లేవలేకపోయాను. హన్మండ్లే బయటికి వచ్చి, వాకిలి నిండా మందిని చూసి, నన్ను చూసి, లోపలికి పరుగెత్తాడు. ఒక్కొక్కటే ఆగాయి. ఎనిమిది. లెక్కపెట్టాను.

ఇవాళ పొద్దున వాగు ఒడ్డున సమాధి చేశాం. కిష్టయ్య ఇచ్చిన చీర కట్టడానికి హేమలత ఒప్పుకోలేదు. అమ్మ పెట్టెలో పాత నేత చీర ఉంది, తానే నేసుకున్నది, అది కట్టింది. కృపారాణి అక్క సంచిలో ఉన్న రొట్టెను ఎవరికీ ఇవ్వలేదు. వెళ్ళేటప్పుడు నాతో మాట్లాడలేదు. హన్మండ్లు చివరి తాన్లు కోసి, నూలు చుట్టిన బీములు దించి, చేతులు కడుక్కున్నాడు. "అవ్వ నాకు బువ్వ వెట్టిన మనిషి అన్నా," అన్నాడు. "నాతోని గదేం పని చేపిస్తివి." సంచి తీసుకుని చందుర్తి బస్సుకు వెళ్ళిపోయాడు. అతనికి పని ఉండాలనే కదా ఇదంతా చేశాను. అలా చెబుదామని నోరు తెరిచాను. బస్సు దాకా వెనకే వెళ్ళి కూడా చెప్పలేదు.

డిసెంబర్ 25, గురువారం

పొద్దున లేచేసరికి ఏదో తేడాగా ఉంది. కాసేపటి దాకా ఏమిటో తెలియలేదు. గల్లీలో ఒక్క సాంచె నడవడం లేదు. శవం నిన్ననే లేచింది. ఇవాళ నడవాలి. బయటికి వెళ్ళి ఎదురింటి వాళ్ళను అడిగాను, కరెంటు పోయిందా అని.

"లేదు. హన్మండ్లు పోతపోత చెప్పిండు గదా. మీ అవ్వ పండుగ నాడు సప్పుడు వద్దన్నదట. ఒక్క దినమే గదా అని అందరం బంద్ వెట్టినం."

నాకు పండుగ శుభాకాంక్షలు చెప్పలేదు. మర్యాదగా లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళ ఇంట్లో మార్కండేయుడి పటం ముందు దీపం వెలుగుతోంది.

హేమలత ఒక గిన్నెలో అటుకులూ బెల్లమూ కలిపి గల్లీలో ఇచ్చి వచ్చింది. అందరూ తీసుకున్నారట. నేను మందిరానికి వెళ్ళలేదు.

పదింటికి అమ్మ గదిలో కూర్చున్నాను. గొల్లల కథ తీశాను. ఇంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. పక్కింట్లో గిన్నె పెట్టిన చప్పుడు, వీధి చివర ఎవరో దగ్గిన చప్పుడు వినిపిస్తున్నాయి. అమ్మ అడిగింది ఇదే. ఇంతకన్నా ఏం అడగలేదు. మొదటి మాట చదువుదామని నోరు తెరిచాను. నా గొంతు నాకే వినపడింది. పుస్తకం మూసేశాను.

పన్నెండింటికి ఫోన్ మోగింది. కిష్టయ్య. అమ్మ సంగతి తెలిసిందట, పాపం అన్నాడు. మంగళవారం మూడు దాటాక పోయిందని ఎవరో చెప్పారట, అదృష్టవంతురాలు, పండుగ చూసి పోయింది అన్నాడు. అవునన్నాను. కాషాయం ఆర్డర్ నాకే ఖాయం చేశాడు. వీడియో పంపాడు, చాలామంది చూశారట.

చూశాను. ఎర్ర టోపీ పెట్టుకుని నేను రెండు చేతులా చీర పట్టుకుని నిలబడి ఉన్నాను. నవ్వుతున్నాను. ఎవరో నవ్వమని చెప్పినట్టు గుర్తు చేసుకుందామనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. వీడియోలో అంతా వినపడుతోంది.

ఫోన్ పక్కన పెట్టాను. మళ్ళీ అదే నిశ్శబ్దం. గోడకున్న క్యాలెండర్ కదలడం లేదు. ఇంకా సగం రోజు ఉంది. నా వల్ల కాలేదు. షెడ్డులోకి వెళ్ళి, ఆ గోడకు ఆనుకుని ఉన్న మొదటి సాంచె బటన్ నొక్కాను.

హేమలత తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. కొత్త ఆర్డర్ తొందరగా ఉంది, నడిపి చూడాలి అని చెప్పాను.

"దాని మీద నూలే లేదు గదయ్యా" అంది.

పొద్దుగూకేదాకా నడిపాను.